ఊరికే

కటూన దగ్గర రోడ్డుకి గొలుసు అడ్డం కడతారు.
ఆరేళ్లుగా నా బండికి లోకం అక్కడితో సరి.
కెంబాబాజి క్యాబేజీ మూటతో దిగేది,
చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి నా చేతిలో పోసి
గొలుసు పక్కనున్న సందులోంచి నడిచి
రువాండాలోకి వెళ్లిపోయేది.
నేను బండి తిప్పుకునేవాణ్ణి.
దించడం, తిప్పడం.
దించడం, తిప్పడం.
తాడు ఉన్నంత మేరా మేసొచ్చే దూడలాగ.

మరి బండి నాదా అప్పుడు?
టాంకు బైరుహాంగ కంపెనీది,
హెడ్‌లైటు వాళ్లది, హారన్ కూడా.
పంక్చర్లు మాత్రం నావి.
పాపకి జ్వరమొచ్చిన వారం కూడా కిస్తీ కట్టాను.
వానలో జారి కాలు విరిగిన నెల
కుంటుకుంటూ వెళ్లి కట్టాను.
బాకీ తీరకుండా దేశం దాటితే దొంగతనమని
ఒప్పందం మూడో పేజీలో ఉంది.
చదవడం రాని మా నాన్నకి కూడా ఆ పేజీ తెలుసు.

మొన్న మంగళవారం లాగ్‌బుక్ చేతికొచ్చింది.
ట్వినమసికో అన్న నా పేరులో
ఒక అక్షరం తప్పు పడింది. దిద్దమనలేదు,
దిద్దుతామని వెనక్కి పుచ్చుకుంటారేమోనని.
రాత్రి దిండు కింద పెట్టుకుంటే
"పొదిగితే పిల్లలు పెడుతుందా అది?"
అని మా ఆవిడ నవ్వింది.

శనివారం. మంచు లోయల్లోంచి ఇంకా లేవలేదు.
గొలుసు దగ్గర అందరికీ నేను తెలుసు.
"వెనక ఎవరూ లేరే?"
"ఇవాళ లేరు."

కుర్రాడొకడు ఇంజను మీద కాగితం ఆనించి
పెన్సిల్‌తో రుద్ది నంబరు తీశాడు.
నా బండి వేలిముద్ర.
కిటికీలో ముకందెకెజి అనే ఆఫీసరు అడిగింది:
"సొంతమేనా?"
"ఆ!" అన్నాను.
అంత గట్టిగా అక్కర్లేదు.
వరుసలో వాళ్లంతా తిరిగి చూశారు.
"ఏ ఊరికి?"
"ఊరికే."
పెన్ను ఆగింది.
ఊరికే అనే గడి ఫారంలో లేదట.
కిగాలి అని తనే రాసేసింది.
సరే, కిగాలి అంటే కిగాలి.
తర్వాత నా లాగ్‌బుక్ సొరుగులో పడేసి తాళం తిప్పింది.
"వచ్చేటప్పుడు తీసుకో."
నా చేతికి ఒక గులాబీ రంగు చీటీ, తడి ముద్రతో.
మంగళవారం నుంచి శనివారం దాకా
నేను బండి గలవాణ్ణి.
ఆ సొరుగు మూసిన చప్పుడు కడుపులో పడింది.

గొలుసు దించారు.
ఇక్కణ్ణుంచి కుడివైపు నడపాలి.
తెలుసు, పదిమందికి నేనే చెప్పాను.
తెలిసింది తలకి. చేతులకి ఎవరు చెప్పాలి?
మొదటి మలుపులోనే అవి ఎడమకి ఒరిగాయి.
ఎదురుగా లారీ, నిలువెత్తు హారన్.
కొండ గట్టు మీద ఆలుగడ్డలు తవ్వుతున్న ముసలాయన
పార ఎత్తి అరిచాడు:
"ఇబుర్యో! ఇబుర్యో!"
మా మాటే.
కుడిని మేమూ అలాగే అంటాం, కాస్త కురచగా.
ఆ మాట పట్టుకుని తప్పుకున్నాను.
లారీ గాలికి షర్టు ఉబ్బి, మెల్లగా దిగింది.

కిలోమీటరు దాటాక కెంబాబాజి.
వెనక నుంచి నా బండి చప్పుడు
ఈ వైపు వినిపించేసరికి నిలబడిపోయింది.
అలవాటుగా చిల్లర తీసింది.
పరాయి నంబరు బండి మీద మనిషిని ఎక్కించకూడదని
చీటీ వెనక అచ్చు వేశారు.
మూట మనిషి కాదు కదా.
మూట సీటు మీద పెట్టుకున్నాం.
ఇంజను ఆపి, దిగి, తోసుకుంటూ ఆమె పక్కన నడిచాను.
ఈ రోడ్డు మీద యూకలిప్టస్ వాసన వేస్తుందని
ఆరేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు.
అడిగితే, నువ్వు అడిగావా అంది.
బజారు ఇంకెంత దూరమో చెప్పింది,
నిన్నటి క్యాబేజీ ధర చెప్పింది,
మాట్లాడుతూనే, ఎడమకి పోతున్న నన్ను
మోచేత్తో కుడికి నెట్టింది.